కోచ్ లేని మొదటి రోజు



సెలవుల్లో రామేశ్వరం వెళ్లి కైట్ సర్ఫింగ్ నేర్చుకుంటామని మీ పిల్లలంటే కాదనకండి. అసలు పరీక్ష మాత్రం కోర్సు అయిన మర్నాడే! పటం తాళ్లు 20 మీటర్లకు పైనే ఉంటాయి. ఇంకొకరి తాళ్లతో చిక్కుపడితే ఇద్దరికీ ప్రమాదమే. అందుకే, ఎదురెదురుగా వస్తే కుడిచెయ్యి ముందున్నవారికి దారి. దాటేటప్పుడు గాలి వచ్చే వైపున్నవారు పటం పైకెత్తాలి, రెండోవారు దించాలి.

మా అమ్మాయి తొలిరోజు అందరికీ దూరంగా, ఖాళీ ఉన్నచోటే అటూ ఇటూ తిరిగింది. మూడోరోజు తనే ఎదుటివారికి దారి ఇవ్వడం చూశాక నా గుండె కుదుటపడింది.

గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే పంపకండి. పటం దించేటప్పుడు ఒడ్డున ఎవరో ఒకరు పట్టుకోవాలి, కోచ్‌ని అడిగి మీరే నేర్చుకోండి. చెప్పుల్లోకి ఇసక పోతుంది, తప్పదు.