వెంబ్లీలో కొన్ని పాత ఫొటోలు

వెంబ్లీ పార్కు స్టేషను మెట్లు దిగి స్టేడియం వైపు వెళ్ళే వెడల్పాటి దారి మన పాఠకులకు కొత్త కాదు. మ్యాచీలకీ పాటల కచేరీలకీ పిల్లల్ని భుజాన ఎక్కించుకుని నడిచిందే. 1948 ఒలింపిక్స్ కోసం ఆ దారి వేసినవాళ్ళు జర్మన్ యుద్ధఖైదీలని ఎంతమందికి తెలుసో! యుద్ధం ముగిసి రెండేళ్ళు దాటినా ఇల్లు చేరని మనుషులు వాళ్ళు. ఆ యుద్ధం తెల్లవాళ్ళ గొడవ, మనకేమిటి అనుకునే వయసులో మేమూ ఈ దేశం వచ్చాం.

ఆసుపత్రిలో ఎమ్మారై తీసే ముందు ప్రతివారినీ అడుగుతాం, ఒంట్లో ఎక్కడైనా ఇనుపముక్క ఉందా అని. అందరూ లేదనే అంటారు. కొన్నేళ్ళ కిందట తొంభై అయిదు దాటిన ఒక ఇంగ్లీషు పెద్దాయన మాత్రం "ఉంది, కసీనోలో తగిలింది" అన్నారు. జూదశాల అనుకుని నర్సమ్మ నవ్వింది. ఇటలీలో ఊరు అది. ఎక్స్‌రే తీస్తే తొడలో గోధుమగింజంత తెల్లటి మచ్చ కనబడింది. డెబ్భై ఏళ్ళు దాటినా అక్కడే ఉంది. యుద్ధాల ఫొటోలు చాలా చూశాం గాని, అంత దగ్గరగా తీసింది మరొకటి చూడలేదు.

పోరాటం గురించి ఆయన రెండు ముక్కలే చెప్పారు. కంచరగాడిదల గురించి మాత్రం పావుగంట చెప్పారు. రాత్రివేళ కొండమీదికి తిండీ, తూటాలూ మోసిన జంతువులు, వాటిని తోలిన ఇండియన్లు, చీకట్లో వాటితో వాళ్ళు ఆడే మాటలు. "మీ భాషేనేమో" అన్నారు. కాకపోవచ్చు. ఆ పనిలో పంజాబీలే ఎక్కువ.

కాని మనవైపు వాళ్ళూ ఆ కొండ దగ్గర ఉన్నారు. 1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ పోరాడిన నాలుగో ఇండియన్ డివిజన్‌లో మద్రాసు సాపర్ల పన్నెండో ఫీల్డు కంపెనీ ఉండేది. వాళ్ళ కేంద్రం బెంగుళూరు. తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కన్నడిగులు కలిసి పనిచేసే దళాలు అవి. మందుపాతరలు ఏరడం, దారులు వేయడం, వంతెనలు కట్టడం వాళ్ళ పని. ఆ సాపర్లలోనే సుబేదార్ సుబ్రమణ్యన్ అనే తమిళుడు, 1944 ఫిబ్రవరి 24న మిన్యానోలో, తోటివాడి కాలికింద మందుపాతర కదిలితే దానిమీద పడిపోయి మిగతావాళ్ళను కాపాడాడు. చనిపోయాక జార్జి క్రాస్ ఇచ్చారు. హైడ్ పార్కు కార్నర్ దగ్గరి స్మారక ద్వారాల పక్కన ఛత్రి ఉంది. తలెత్తి చూస్తే ఆయన పేరు కనబడుతుంది.

అలా పేరు మిగిలినవాళ్ళు తక్కువ. ఆ యుద్ధంలో భారత సైన్యం ఇరవై అయిదు లక్షలు. లాంబెత్ మ్యూజియం ఫొటోల కింద రాతలు చదువుతూ పోతే, చాలావాటికి "ఇండియన్ సాపర్లు" అనో "మద్రాసు సిపాయి" అనో మాత్రమే ఉంటుంది. కామన్వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ జాబితాల్లో ఇంకో తమాషా. అక్కడ పోయినవాడి పేరూ, చాలాచోట్ల తండ్రి పేరూ, ఊరూ, జిల్లా కూడా ఉంటాయి. ముఖం ఉండదు. ఇంగ్లీషు గుమాస్తా చేతిలో మన ఊళ్ళ పేర్లు పడ్డ అవస్థ చూస్తే నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది.

ఈమధ్య వెంబ్లీలోనే ఒక మిత్రుల ఇంట అలాంటి ఫొటో చూశాం. వారిది తాడేపల్లిగూడెం ప్రాంతం. ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరి ఊరి పేరునే మిలిటరీ మాధవరం చేసుకున్న గ్రామం ఆ దగ్గరే. ఫొటోలో నిక్కర్లు వేసుకున్న నలుగురు కుర్రాళ్ళు. వెనక బారీ అనే ఇటలీ ఊరి స్టూడియో ముద్ర. ఒకరు మిత్రుడి తాతగారు. ఆయన బతికినన్నాళ్ళూ యుద్ధం ఊసెత్తలేదట. చింతపండు దొరక్క పడ్డ అవస్థ చెప్పేవారట. దీపావళి రాత్రి మాత్రం లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మా వైద్యంలో ఇవాళ దానికి పేరూ ఉంది, మందూ ఉంది. ఆయనకి తాయెత్తే దక్కింది.

ఊళ్ళో తొంభై దాటిన చిన్నమామ్మగారికి వీడియోలో ఫొటో చూపించాం. "ఎడం పక్కన మా బావగారు. ఆ పొట్టాయన పెనుగొండ నుంచి మా పెళ్ళికొచ్చాడు. మూడో ఆయన అరవాయన, మా ఇంట పండుమిరపకాయ పచ్చడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు" అని గడగడా చెప్పారు.

నాలుగో మనిషి?

ఆవిడ కాసేపు చూశారు. "ఆయన తిరిగి రాలేదు బాబూ. బావగారు ఈ ఫొటో తీసినప్పుడల్లా ఆయన మీదే వేలు పెట్టేవారు. పేరు మాత్రం మాకెప్పుడూ చెప్పలేదు."