గోదావరి ఊళ్లలో రుచికి కాపలా ఎవరు?

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా రూపమే మారిపోయింది. కాలువ పారిన చోటల్లా వరి, గట్ల మీద కొబ్బరి, లంకల్లో అరటి, ఇంటింటా పాడి. ఆ పంటలోంచి, ఆ పాడిలోంచి పుట్టిన తిండి ఇవాళ ఊరి పేరుతో కలిసి వినిపిస్తుంది. కాకినాడ అంటే గొట్టం కాజా, తాపేశ్వరం అంటే మడత కాజా, ఆత్రేయపురం అంటే పూతరేకులు, అంబాజీపేట అంటే పొట్టెక్కలు, రావులపాలెం అంటే కుండ బిర్యానీ, రాజమండ్రి అంటే రోజ్‌మిల్క్. ఇవన్నీ ఒకదాని నుంచి ఒకటి బస్సెక్కితే ఒకటి రెండు గంటల్లో చేరుకోగల ఊళ్లు. ఇంత దగ్గర దగ్గరగా ఉండి కూడా ఎవరి పేరు వాళ్లు నిలబెట్టుకున్నారంటే దానికి కారణం ఉండాలి. చాలామంది చెప్పే కారణం గోదావరి నీళ్లు. అంతకంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది. ఈ ఊళ్ల హోటళ్లలో, మిఠాయి కొట్లలో రుచిని కాపాడుతున్నది రేపు మళ్లీ వచ్చే మనిషి. ఇవాళ పప్పులో తేడా వస్తే రేపు పొద్దున మొహం మీదే అడిగే మనిషి. అతను ఉన్నంతకాలం రుచి ఉంటుంది. అతను పోయిన చోట పేరు మాత్రం మిగులుతుంది.

నీళ్ల మహిమను కొట్టిపారేయనక్కర్లేదు. మంచి బియ్యం, చిక్కటి పాలు, పచ్చి కొబ్బరి, ఆ ఊళ్లోనే వండిన బెల్లం చేతికి అందేంత దూరంలో ఉంటే వంటవాడి పని సగం తేలికవుతుంది. కానీ ఆ నీరే కారణమైతే, ఒకే కాలువ కింద ఉన్న పది ఊళ్లలోనూ ఒకే రుచి రావాలి. ఆత్రేయపురానికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో పండేదీ ఆ వడ్లే, కాచేదీ ఆ నెయ్యే. అయినా రేకు తీసే చేయి ఆత్రేయపురంలోనే కుదిరింది. పంట అందరికీ అందుతుంది. దాన్నొక విద్యగా మార్చి ఏళ్ల తరబడి ఒకే స్థాయిలో నిలపాలంటే మాత్రం చేసేవాళ్ల మీద నిత్యం ఒక కన్ను ఉండాలి. ఆ కన్ను ఎవరిదో తెలియాలంటే భోజన హోటలు దగ్గర మొదలుపెట్టి టిఫిను, మిఠాయి దాకా ఒక్కొక్కటీ విడిగా చూడాలి.

కాకినాడలో సుబ్బయ్య గారి హోటలు పేరు తెలియనివాళ్లు అరుదు. అరిటాకు, ఆకు నిండా కూరలు, పచ్చళ్లు, పొడులు, నెయ్యి, ఒక తీపి, చివర గడ్డ పెరుగు. కొసరి కొసరి వడ్డించడం అక్కడి పద్ధతి. ఇంటికి తీసుకెళ్లేవాళ్లకు బుట్ట భోజనం. ఆ ఒక్క హోటలే కాదు, గోదావరి జిల్లాల్లో పాతకాలపు భోజన హోటళ్లన్నీ ఇదే సూత్రం మీద నడిచాయి: ధర ఒకటే, వడ్డనకు లెక్క లేదు. లెక్క లేని వడ్డన వ్యాపారానికి నష్టం కదా అనిపిస్తుంది. దాని కిటుకు తినేవాళ్లలో ఉంది. రోజూ వచ్చే గుమాస్తా, కోర్టు పని మీద వచ్చే ప్లీడరు, కాలేజీ మాస్టారు, గదిలో ఒంటరిగా ఉండే ఉద్యోగి ఆకలికి సరిపడా తిని లేస్తారు. రేపూ ఇక్కడే తినాలి కాబట్టి ఇవాళే పొట్ట పగిలేలా తినరు. యజమాని కూడా వాళ్ల కోసమే వారమంతా కూరలు మారుస్తాడు. నిన్న పనసపొట్టు ఆవ పెట్టి వండితే ఇవాళ గుత్తి వంకాయ, రేపు కంద బచ్చలి. దారిన పోయేవాడికి ఈ మార్పుతో పనిలేదు, ఒక్కపూట మెరిస్తే చాలు. ఏడాది పొడుగునా తినేవాడి నోటికి విసుగు పుట్టకూడదు, కడుపు బరువెక్కకూడదు. ఈ రెండు షరతులకూ నిలబడ్డ వంటనే మనం ఇంటి వంటలా ఉందని మెచ్చుకుంటాం.

టిఫిను హోటలు సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. పెసరట్టు పిండి ఇడ్లీ పిండిలా రాత్రంతా పులిసేది కాదు. నానిన పెసలు రుబ్బిన కాసేపటికే అట్టు పడాలి. ఆలస్యమైతే పిండి పులుపెక్కి అట్టులో ఆ పచ్చి కమ్మదనం పోతుంది. కాబట్టి ఎంత అమ్ముడవుతుందో యజమానికి ముందే తెలియాలి, అంతే నానబెట్టాలి. అది తెలిసేది రోజూ వచ్చేవాళ్ల వల్లే. పొద్దున్నే పెనం చుట్టూ మూగే ఆ పాతిక ముప్పై మంది ముఖాలే అతని అంచనా. అల్లం పచ్చడి, ఉప్మా, పైన చల్లిన ఉల్లి, పచ్చిమిర్చి, అన్నీ ఆ లెక్క ప్రకారమే తయారవుతాయి. పదింటికల్లా అయిపోయిందని చెప్పి పెనం దింపేసే చిన్న కొట్టు అందుకే నమ్మదగ్గది. దిబ్బరొట్టె కూడా అంతే. మందపాటి గిన్నెలో మినప్పిండి వేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద కాలనివ్వాలి. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. తొందర పెడితే రొట్టె చెడుతుంది. వేచి కూర్చునే గిరాకీ ఉన్న ఊళ్లోనే అలాంటి టిఫిను బతుకుతుంది.

మిఠాయి దగ్గరకు వచ్చేసరికి ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. కాజా ఎవరూ రోజూ తినరు. కొనేవాళ్లలో సగం మంది బయటి ఊళ్లకు పట్టుకెళ్లేవాళ్లే. మరి అక్కడ రోజూ వచ్చేవాడి కాపలా ఎక్కడిది? దీనికి జవాబు సారెలో ఉంది. ఆడపిల్ల అత్తారింటికి వెళ్లేటప్పుడు, సీమంతానికి, ఆషాఢానికి, సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పంపే సారె ఆ ఇంట్లోనే ఉండిపోయేది కాదు. కాజాలు, లడ్డూలు, సున్నుండలు, అరిసెలు పళ్లేల్లో పెట్టి వీధి వీధంతా పంచుతారు. తిన్న ప్రతి ఇల్లూ ఒక మాట అంటుంది. కాజా మెత్తబడిపోయినా, పాకం సరిగా ఎక్కకపోయినా మాట పడేది కొట్టువాడు కాదు, పిల్ల తండ్రి. అందుకే అతను కొట్టుకు వెళ్లి రుచి చూసి, ఇంట్లో ఆడవాళ్లతో మంచిదనిపించుకుని, అప్పుడు బయానా ఇస్తాడు. ఇంతకంటే కఠినమైన పరీక్ష ఏ వంటల పోటీలోనూ ఉండదు. తాపేశ్వరం మిఠాయివాళ్లు 2016లో 29,465 కిలోల లడ్డు చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. దాంతో ఊరి పేరు దేశమంతా మోగింది. కానీ ఆ పొయ్యిలు ఏడాది పొడుగునా మండేది పెళ్లిళ్ల సీజన్ల వల్ల, సారెల వల్ల.

రెండు కాజాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పరీక్ష ఎంత నిశితమో అర్థమవుతుంది. తాపేశ్వరం మడత కాజాకు పిండిని పల్చటి దుప్పటిలా వత్తి, మడతలు వేసి, ముక్కలు కోసి, ఒత్తి వేయిస్తారు. ప్రతి మడతలోకీ పాకం చేరాలి, అయినా మడత మడతగానే విడిపోవాలి. కాకినాడ గొట్టం కాజాకు దారి వేరు. కోటయ్య కాజాగా అందరికీ తెలిసిన ఆ కాజా పైన గట్టిగా, లోపల గుల్లగా ఉంటుంది. సన్నని మంట మీద ఓపికగా వేగితే లోపల ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి పాకం చేరుతుంది. కొరికితే పాకం నోట్లోకి జారాలి, బట్టల మీద కాదు. మంట కాస్త ఎక్కువైతే పైన మాడి లోపల పిండి పచ్చిగా ఉంటుంది. ఈ తేడాలు బయటివాళ్లకు పట్టవు. తీపిగా ఉంటే చాలనుకుంటారు. తూర్పుగోదావరిలో పెళ్లి భోజనాల్లో పెరిగిన నాలుకకు మాత్రం ఒక్క కొరుకుతో తెలిసిపోతుంది. ఆ నాలుకలు తగ్గిపోతే కాజా చెడిపోయిన సంగతి గుర్తుపట్టేవాళ్లే ఉండరు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు తీయడాన్ని దగ్గర నుంచి చూస్తే ఆ గుర్తింపు ఎంత న్యాయమో తెలుస్తుంది. ప్రత్యేకంగా చేయించిన కుండను బోర్లించి, కింద మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని నీళ్లలా పల్చగా కలుపుతారు. అందులో ముంచిన గుడ్డను రెండు చేతులతో పట్టుకుని కాలే కుండ మీద ఒక్కసారి లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా కాగితం కంటే పల్చని పొర లేచి వస్తుంది. చేయి ఒక్క క్షణం ఆగితే మందమవుతుంది, తొందరపడితే చిరుగుతుంది. తర్వాత తడిగుడ్డతో ఆ రేకును కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదార పొడో చల్లి మడుస్తారు. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, పొగలో, సెగలో, ఇంటి వసారాల్లోనే. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడగలదు, వేరే చోట చేసి ఆత్రేయపురం అని అమ్మేవాణ్ణి ఆపగలదు. నెయ్యి బదులు నూనె రాసేవాణ్ణి మాత్రం ఆపలేదు. అతన్ని ఆపేది కొనేవాడి నాలుకే. ఆ రేకు తీసే ఆడమనిషికి న్యాయమైన కూలి దక్కాలన్నా అడగాల్సింది కొనేవాడే. చవకగా కావాలని బేరమాడినంత కాలం ఆ కోత ఆమె కూలిలోంచే పడుతుంది.

కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందో పులస చెబుతుంది. వరద రోజుల్లో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే ఈ చేప కోసం పుస్తెలమ్మినా తప్పులేదనే సామెత పుట్టింది. పట్టుబడేది తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, ధర వేలల్లో. అందుకే సముద్రంలో పట్టిన ఇలసను, వేరే చోట్ల నుంచి వచ్చిన చేపను పులస పేరుతో అమ్మడం మామూలైంది. మోసపోయేది ఎవరు? ఏడాదికోసారి పేరు విని వచ్చేవాళ్లు. యానాం రేవులోనో, ధవళేశ్వరం గట్టునో చేప కొనే అలవాటున్నవాణ్ణి అంత సులువుగా బోల్తా కొట్టించలేరు. పేరు పెరిగేకొద్దీ తెలిసి తినేవాళ్ల వాటా తగ్గుతుంది. తెలిసినవాళ్ల వాటా తగ్గేకొద్దీ మోసానికి చోటు పెరుగుతుంది. ఏ తిండికైనా ఇదే వర్తిస్తుంది.

ఇదంతా పాతకాలం మీద మమకారం అని కొందరంటారు. చిన్న హోటళ్లలో శుభ్రత ఉండదని, బల్లలు జిడ్డుగా ఉంటాయని, ఆడవాళ్లు, పిల్లలతో కూర్చోవడానికి వీలుండదని, ఏసీ రెస్టారెంట్లు ఆ లోటు తీర్చాయని వాళ్ల వాదన. ఇందులో నిజం ఉంది, దాన్ని ఒప్పుకుని తీరాలి. పాత భోజన హోటళ్లలో చాలావాటి గుమ్మం ఒకప్పుడు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. కులాన్ని బట్టి పంక్తులు విడిగా ఉన్న రోజులు మరీ పాతవి కావు. ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని వింతగా చూసిన రోజులూ అంతే. ఆ గుమ్మాలను వెడల్పు చేసిన ప్రతి మార్పూ మంచిదే. కానీ శుభ్రతకూ, పరిమాణానికీ ముడిపెట్టడం సరికాదు. పెద్ద వంటగదిలో పొద్దున చేసిన గ్రేవీ రాత్రి దాకా ఫ్రిజ్‌లో ఉండటం కంటే, కళ్ల ముందు రుబ్బి కళ్ల ముందు కాల్చే అట్టు ఆరోగ్యానికి దగ్గర. చిన్న కొట్టుకు కావలసింది మంచినీటి కొళాయి, సరైన మురుగు కాలువ, చేతులు కడుక్కునే చోటు. ఇవి పురపాలక సంఘం ఇవ్వగలిగినవి. అవి అమర్చకుండా ఆ కొట్టును మురికి కొట్టని తీసిపారేయడం అన్యాయం.

వ్యాపారం పెరగకూడదా అన్నది మరో ప్రశ్న. కాకినాడ హోటళ్ల పేర్లు హైదరాబాద్‌లో వెలిశాయి. పూతరేకులు, కాజాలు పెట్టెల్లో అమెరికా చేరుతున్నాయి. వలస వెళ్లిన గోదావరివాళ్లకు అది పుట్టింటి పలకరింపు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. పెరుగుదల వల్ల వంటవాళ్లకు పని, రైతుకు బెల్లం ధర, కుటుంబాలకు ఆదాయం. అయితే కూకట్‌పల్లి శాఖలో కూర తేడాగా ఉంటే చెప్పేవాడు ఫోనులో చుక్కలు తగ్గించి వెళ్లిపోతాడు. కాకినాడలో అయితే వంటగది గుమ్మం దాకా వచ్చి పేరు పెట్టి పిలిచి అడుగుతాడు. మొదటిది లెక్కల్లోకి పోతుంది, రెండోది వంటవాడి చెవిలో పడుతుంది. శాఖలు నిలవాలంటే ఆ రెండో రకం గిరాకీని అక్కడ కూడా సంపాదించుకోవాలి. వీధి జనాన్ని పేరుతో పలకరించి, వాళ్ల అలవాటుకు తగ్గట్టు కూరలు మార్చి, బాగులేదన్న మాట వినే ఓపిక పెంచుకుంటే ఏ ఊళ్లోనైనా అది సాధ్యమే.

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి నుంచి కోనసీమ రేవుల దాకా జనం పోటెత్తుతారు. వాళ్లలో చాలామందికి ఈ ఊళ్ల తిండి అదే మొదటిసారి, కొందరికి అదే ఆఖరిసారి. మళ్లీ రారన్న ధీమాతో నెయ్యి తగ్గించి, ధర పెంచి, ఎక్కడిదో సరుకు తెచ్చి ఊరి పేరు అతికించే అవకాశం అప్పుడే ఎక్కువ. ఆ పన్నెండు రోజులూ తన మామూలు గిరాకీకి పెట్టేదే యాత్రికుడికీ పెట్టిన కొట్టు ఊరి మర్యాద నిలిపినట్టు. వచ్చేవాళ్లు కూడా పెద్ద బోర్డు వెతకనక్కర్లేదు. ఆ వీధివాళ్లు ఏ వేళకు ఎక్కడ తింటారో అడిగి అక్కడే కూర్చోవాలి, అయిపోయిందంటే పక్క కొట్టుకు వెళ్లాలి, బాగుంటే చెప్పాలి, బాగులేకపోతే మర్యాదగా అదీ చెప్పాలి. డెల్టాలో రుచిని ఇన్నేళ్లూ నిలిపింది ఈ చెప్పడం, ఈ వినడమే. ఒక్కపూట అతిథి కూడా అందులో పాలుపంచుకోవచ్చు.