తెల్లకాగితం

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి భూముల క్రయవిక్రయాల ప్రసక్తి ఎందుకని విద్యార్థులు నవ్వవచ్చు. ఆ వృత్తిలో పైకి వచ్చినవారు అనగానే వారికి హైదరాబాదులో 1981లో మై హోమ్ సంస్థను నెలకొల్పిన జూపల్లి రామేశ్వరరావు గుర్తుకు వస్తారు. నాకు గుర్తుకు వచ్చేది బండారులంకలోని ఒక చేనేత ఇల్లు, అందులో పుట్టిన నా బాల్యమిత్రుడు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. ఆ రాత్రే వారి గుంటమగ్గంలోకి నీరు చేరింది, పడుగు పాడైంది, ఇంటిగోడ కూలింది. తిరిగి కట్టుకొందామని అప్పుకు వెళితే అసలు దెబ్బ అప్పుడు తెలిసింది. వారి మూడు సెంట్ల స్థలానికి ఉన్నది తెల్లకాగితంపై వ్రాసుకొన్న ఒప్పందం ఒక్కటే. నూరు రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 నాటి చట్టం. మగ్గం గుంటలో కూర్చున్నవానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? అమ్మినవాని వారసులు ఒప్పుకోలేదు. స్థలం పోయింది.

కష్టం మనిషిని పైకి తెస్తుందని సభలలో తేలికగా అంటాము. అదే తుపానులో మగ్గం పోగొట్టుకొని, కూలికి పోయి, అలాగే ఉండిపోయినవారూ ఉన్నారు. నా మిత్రునికి కష్టంతోపాటు అమలాపురంలో ఒక దస్తావేజు లేఖరి అరుగు కూడా దొరికింది. పదవ తరగతి తరువాత అక్కడ కూర్చుని హద్దులు చదవడం, లింకు దస్తావేజులు పట్టుకొని వెనుకకు పోవడం, ఇ.సి.లో తాకట్టులు వెదకడం, అడంగలును గట్టుతో సరిచూడడం నేర్చుకొన్నాడు. ఇప్పుడు ఆ చుట్టుపట్ల స్థలం కొనదలచినవారు ముందుగా అతని గడప తొక్కుతారు.

రెండేళ్ళ క్రిందట నేనూ తొక్కాను. ఐదు సెంట్లు, అనగా 242 గజాలు. బేరం కుదిర్చినది అతడే. అడ్వాన్సు తీసుకొని వెళ్ళేసరికి ఆ ఉదయమే చేతికందిన మూలపత్రాలు ముందు వేసుకొని కూర్చున్నాడు.

"మాష్టారూ, డబ్బు లోపల పెట్టుకో. తండ్రి పోయాక అన్నదమ్ములు అమ్ముతున్నారు. ఆడబిడ్డ సంతకం ఏది?"

నాకు కోపం వచ్చింది. షరీఅత్‌లో ఆడబిడ్డకు వాటా ఉన్నదని చిన్ననాటి నుండి మా ఇంట విన్నవాణ్ణే. స్త్రీల హక్కులపై తరగతిలో గంటసేపు చెప్పగలను కూడా. అయినా ఆ ప్రశ్న నాకు తోచలేదు.

"మరి నీ కమీషను?" అన్నాను.

"మా నాన్నకు ఈ మాట చెప్పినవాడు లేడురా" అన్నాడు.

ఆ స్థలాన్ని నెల తిరగకుండానే వేరొకరు కొన్నారు. నేనింకా అద్దె ఇంటిలోనే ఉన్నాను. మొన్న బండారులంక వెళితే అతడు కట్టుకొన్న ఇంటి ముందుగదిలో వాళ్ళ నాన్నగారు మగ్గం మీద ఉన్నారు. ఎంత చెప్పినా ఆయన నేత మానలేదట. ఆ ఇంటి దస్తావేజు తల్లి పేరున ఉన్నది.