ఎనిమిదో తరగతిలోనే అడగాల్సిన మాట

మా గుత్తిలో చానా ఇండ్లల్లో పదో తరగతి రిజల్ట్ వచ్చినాకనే “పిల్లోన్ని ఏం చదివిద్దాం?” అనే మాట వస్తుంది. అప్పటికే ఆలస్యమైపోతోందని నా బాధ.

ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్షనే చూడండి. సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడే రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికై, మార్కులు నిలబెట్టుకుంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల ఖాతాలోకే పడతాయి. వాన రాక శెనక్కాయ పంట ఎండిన ఏడు ఆ దుడ్లు ఎంత ఆసరానో మన సీమోళ్లకు చెప్పాల్నా!

పదో తరగతి తర్వాత దారులు కూడా ముందే తెలుసుకోవాల. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు ఇచ్చేది పదో తరగతి మార్కులను బట్టే. సర్కారు బడి పిల్లలకు కొన్ని మార్కులు కలుపుతారు కూడా. పాలిటెక్నిక్‌కైతే పాలిసెట్ రాయాల.

ఇంకోటి. ఊర్లోనే రైల్వే డీజిల్ షెడ్డు ఉంది. అట్లాంటి చోట పనికి ఐటీఐ చాలునా, డిప్లొమా కావాల్నా అని తొమ్మిదో తరగతి పిల్లలకు ఎవరన్నా కూర్చోబెట్టి చెప్తే ఎంత బాగుంటుంది!

ఎనిమిదో తరగతి పిల్లలున్నోళ్లు రేపే బడికి పోయి ఎన్‌ఎంఎంఎస్ గురించి సారును అడగండి. ఆదాయం సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోండి.