బారువ తీరంలో ఆరు ఋతువులు

"అమ్మదలచుకుంటే అమ్ముకో తల్లీ, నేను అడ్డు చెప్పను. కాని వేసవి సెలవుల్లో చూసిన సముద్రాన్ని బట్టి మాత్రం బేరం కుదుర్చుకోకు. ఒక్క ఏడాది, అన్ని కాలాల్లోనూ వచ్చి చూడు. ఆ తరువాత నీ ఇష్టం."

మా మావయ్య ఈ మాటలన్నది 2018 నవంబరులో, కూలిపోయిన కొబ్బరిచెట్టు మీద కూర్చుని. అంతకు నెల్లాళ్ళ క్రితం, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి ఉద్దానంలోని కొబ్బరితోటలూ జీడితోటలూ నేలకొరిగాయి. ఉద్యానమన్న మాటే వాడుకలో ఉద్దానమయిందంటారు. ఆ వారం అక్కడికి వెళ్ళినవారికి ఆ పేరు పలకడానికి నోరు రాలేదు.

ఆంధ్రతీరం ఉత్తరాన ఒడిశాను చేరబోయే చోట, సోంపేట స్టేషనులో దిగి తూర్పుగా వెళితే బారువ వస్తుంది. ఆ ఊరికి దగ్గరలో ఎకరంన్నర కొబ్బరితోటను మా అమ్మకు పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చారు. అమ్మ పోయాక అది నాకు సంక్రమించింది. తొంభై చెట్లలో తుపానుకు నిలిచినవి పదకొండు. సరిగ్గా ఆ సమయంలోనే పట్నం నుంచి ఒక వ్యాపారి కబురు పంపాడు. సముద్రానికి ఎదురుగా విడిదిగృహం కట్టుకుంటాడట. విశాఖపట్నంలో అద్దె ఇల్లు, కాలేజీలో చేరబోయే కొడుకు, అనువాదాల మీద వచ్చే ఆదాయం. ఆ ఆదాయం ఎంతో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అమ్మివేయాలనే నిశ్చయించుకున్నాను. అయినా మావయ్య మాట కాదనలేక ఏడాది గడువుకు ఒప్పుకున్నాను.

2019 జనవరిలో మొదటిసారి వెళ్ళాను. అప్పుడు నేనొక ఆంగ్ల గ్రంథాన్ని తెలుగు చేస్తున్నాను. ఇంగ్లాండు ఉత్తరతీరంలోని ఇసుకదిబ్బల మధ్య నడిచే కథ అది. అందులో గాలికి పదిరకాల పేర్లున్నాయి. నేను మాత్రం ప్రతిచోటా "చల్లని సముద్రపుగాలి" అని రాసుకుపోయాను. బారువలో తెల్లవారుజామున వణికించే గాలి సముద్రం మీదినుంచి రావడం లేదు. మహేంద్రగిరి వైపునుంచి, వీపు మీదుగా వస్తున్నది. "కొండగాలమ్మా ఇది. దీని వాలున తెప్ప ఇట్టే లోపలికి పోతుంది" అన్నాడు వల సర్దుకుంటున్న ఒక ముసలి మత్స్యకారుడు. పొద్దెక్కాక గాలి తిరుగుతుంది. తిరిగిన గాలిమీద తెప్పలు ఒడ్డుకు వస్తాయి. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నదాన్ని, గాలికి రాకపోకల వేళలుంటాయని నలభై నాలుగో ఏట తెలుసుకున్నాను.

ఆ రాత్రే ఆలివ్ రిడ్లే తాబేలును చూశాను. మావయ్య టార్చి వెలిగించనివ్వలేదు. నక్షత్రాల వెలుతురులో అది నీటినుంచి ఈడ్చుకుంటూ వచ్చి, వెనకకాళ్ళతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఒక్కొక్క గుంటలో సుమారు వంద గుడ్లుంటాయి. పిల్లలు బయటికి రావడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. ఆ పిల్లలు ఆడవా మగవా అన్నది ఇసుకవేడి నిర్ణయిస్తుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. కుక్కలూ నక్కలూ తవ్వుకుపోకుండా అటవీశాఖవారు కొన్నిచోట్ల గుడ్లను సేకరించి కంచెలలో కాపాడుతున్నారు.

మార్చిలో ఆ తీరం పోల్చుకోలేనట్లుగా మారిపోయింది. దక్షిణపుగాలి మొదలయింది. ఇసుక నేలమీద పొగలాగా పాకుతూ, పాదాలను సూదుల్లా పొడుస్తున్నది. నోట్లో ఇసుక, కళ్ళద్దాల మీద ఉప్పు. "రావణాసురుడి మీసాలు" అనే గడ్డి ఉన్నది చూశారూ, దాని ఎండిన గింజల బంతులు గాలికి తీరమంతా దొర్లుకుంటూ పోతున్నాయి. ఎక్కడో ఒక దిబ్బకు తగులుకుని ఆగి, అక్కడే వేళ్ళూనుతాయి. ఆ వేళ్ళు పట్టుకున్న ఇసుకే దిబ్బగా పెరుగుతుంది. మా తోటకూ సముద్రానికీ మధ్యనున్న దిబ్బ అలా పెరిగిందేనట. విడిదిగృహం కట్టదలచినాయన మొదటగా చదును చేయిస్తానన్నది ఆ దిబ్బనే. సముద్రం కనబడాలి కదా!

ఆ ప్రయాణంలోనే నా అనువాదంలోని "నదీముఖద్వారం" అన్న మాట కొట్టివేశాను. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటును అక్కడివారు "మొగ" అంటారు. రెండే అక్షరాలు. మార్చి మొదలుకొని దక్షిణపు అలలు ఇసుకను ఉత్తరానికి మోసుకుపోతాయి. శీతకాలంలో ఈశాన్యపు అలలు కొంత వెనక్కి తెస్తాయి. నీరు తగ్గిన రోజుల్లో ఆ ఇసుకే మొగకు అడ్డంపడుతుంది. తీరం పటంలో గీసిన గీతలా స్థిరంగా ఉంటుందని అంతవరకూ అనుకున్నాను.

మే నెల ఎండ గురించి చెప్పేదేమీ లేదు. మనుషుల గురించి చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం. మా జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నా, పెద్ద పడవలు నిలిచే వసతి ఎక్కడా లేక, తీరగ్రామాల యువకులెందరో గుజరాతులోని వెరావల్‌కు వెళ్ళి అక్కడి పడవల్లో కూలికి వేటాడుతారు. వేసవిలో తిరిగివస్తారు. అందువల్ల ఆ నెలలో ఏ గ్రామం చూసినా మేళాలు, పందిళ్ళు. ఆ సంవత్సరం మాత్రం జిల్లాలో కొన్ని ఇళ్ళకు కొడుకులు రాలేదు. 2018 నవంబరులో గుజరాతు తీరాన వేటకు పోయి, పాకిస్తాన్ చేతికి చిక్కి, కరాచీ జైలులో ఉన్నారు. వారిలో అత్యధికులు 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ ఇళ్ళ గురించి మావయ్య చెబుతుంటే, నేను సంచిలో పెట్టుకుపోయిన అమ్మకపు కాగితాలను బయటికి తీయలేకపోయాను.

జూలైలో వెళ్ళేసరికి వర్షం. సముద్రం మట్టిరంగులో ఉన్నది. ఏటికి నీరు వచ్చి మొగ తెగింది. తోటలోకి అడుగుపెట్టి నిర్ఘాంతపోయాను. వరుసలు తీర్చి నలభై కొబ్బరిమొక్కలు!

"అమ్మే భూమిలో మొక్కలెందుకు నాటావు మావయ్యా?" అన్నాను. నా గొంతులో కోపమే ధ్వనించింది.

"కొనేవాడికి మాత్రం నీడ ఉండొద్దా తల్లీ?" అన్నాడాయన.

కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మావయ్యకు అప్పుడు డెబ్బై ఒకటి. నేను లెక్క కట్టుకుంటున్నానని కనిపెట్టి, ఆయన నవ్వి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కొడుకు చదువుకు డబ్బు కావాలి. అది ఇసుకలో దొరికేది కాదు.

అక్టోబరులో వానలు వెనకపట్టాక ఆకాశం కడిగినట్లయింది. మహేంద్రగిరి చేతికందేటంత దగ్గరగా కనబడింది. ఏడాదిలో ఆ తీరం అంత అందంగా ఉండేది అప్పుడే. ఊరివారు భయపడేదీ ఆ నెలకే. రేడియోలో "అల్పపీడనం" అన్న మాట వినబడగానే సంభాషణలు ఆగిపోయేవి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులో వచ్చినవే. మావయ్య ప్రతి సాయంత్రం దిబ్బ ఎక్కి, తూర్పున మబ్బు తీరు చూసి దిగేవాడు. ఏం చూశావని అడిగితే చెప్పేవాడు కాదు.

డిసెంబరులో చివరిసారిగా, అంటే ఒప్పందం ప్రకారం చివరిసారిగా, వెళ్ళాను. ఈశాన్యపుగాలి తెరిపి లేకుండా వీస్తున్నది. నలభై మొక్కలలో ఆరు పోయాయి. మిగిలినవాటి లేత ఆకుల అంచులు ఉప్పుగాలికి మాడి ఉన్నాయి. ఆనాటికి నా అనువాదం అచ్చుకు వెళ్ళింది. దాని పారితోషికమూ, బ్యాంకులో తెచ్చిన అప్పూ కలిపి కొడుకు మొదటి సంవత్సరం ఫీజు కట్టివచ్చాను. రెండో సంవత్సరం సంగతి ఇంకా తేలలేదు.

మావయ్య నిశ్చయమేమిటని అడగలేదు. తాటాకులు తడిపి పెట్టి ఉంచాడు. వ్యాపారికి ఫోను చేసి రెండు మాటలు చెప్పి, చీరకొంగు బిగించుకుని వెళ్ళాను. మధ్యాహ్నానికల్లా ఇద్దరం కలిసి మొక్కలకు తూర్పువైపున దడి కట్టాము.