మన గోదావరి సముద్రంలో కలిసే చోట

ఒక ఆదివారం సాయంత్రం గోదావరి ఒడ్డున బాప్తిస్మపు ఆరాధన ముగించుకొని వస్తున్నాము. ఆదివారపు బడి పిల్లవాడు ఒకడు నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, ఈ నీళ్లు ఏడికి పోతయి?" అని అడిగాడు. "సముద్రంలో కలుస్తాయి బాబూ" అన్నాను. "కలిసే కాడ ఎట్లుంటది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లం బాసర నుండి కాళేశ్వరం దాకా ఈ నది నీళ్లు తాగి, ఈ నీటితో వరి పండించి బ్రతుకుతున్నవాళ్లం. కాని దాని చివర చూచినవారు మనలో ఎందరు?

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. గత చలికాలంలో నేనూ, మా సంఘ పెద్ద ఒకరూ కాజీపేటలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి కాకినాడ చేరాము. ఆ రైలు పేరు ఊరకే పెట్టినది కాదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. వాటిలో తూర్పుగా యానాం మీదుగా పోయే పెద్ద పాయ పేరు గౌతమి. ఆ గౌతమి మొగ చూడాలని మా కోరిక. నది సముద్రంలో కలిసే ముఖద్వారాన్ని అక్కడి జాలరులు మొగ అంటారు.

గౌతమి గట్టున ఉన్న ఒక మత్స్యకార గ్రామంలోని సంఘమువారు మమ్మల్ని ప్రేమతో చేర్చుకొన్నారు. ఆ సంఘ సభ్యుడైన ఒక సహోదరుడు తన ఇంజను పడవలో మమ్మల్ని మొగ దాకా తీసుకొని వెళ్తానన్నాడు. పొద్దున్నే ఆరు గంటలకు సిద్ధమై నిలబడ్డాము. ఆయన నీటి వైపు ఒకసారి చూచి, "ఇప్పుడు కాదండీ అయ్యగారూ, పోటు రానివ్వండి" అన్నాడు. మూడు గంటలు ఆ గట్టు మీదనే కూర్చున్నాము. ఆ మూడు గంటలలో నేర్చుకొన్నదే ఈ వ్యాసము.

సముద్రపు నీరు పైకి లేచి నదిలోకి ఎక్కడం పోటు. తిరిగి తీసిపోవడం పాటు. ఒక రోజులో రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. చంద్రుని గమనాన్ని బట్టి ఇది జరుగుతుంది గనుక ప్రతి రోజూ ముందటి రోజుకన్నా సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దది, అష్టమి రోజుల్లో చిన్నది. మనం వానను చూచి నాట్లు వేసుకొన్నట్టు, వాళ్లు చంద్రుణ్ణి చూచి పడవ కదిలిస్తారు.

పెద్ద పోటు అయినా ఆ తీరంలో నీరు లేచేది అయిదడుగుల లోపే. "ఆ కాస్త నీటికోసం ఇంతసేపు ఆగాలా?" అని మా పెద్దగారు అడిగారు. ఆ సహోదరుడు కట్టెపుల్లతో ఇసుకలో గీసి చూపించాడు. నది మోసుకొని వచ్చిన ఇసుకంతా సముద్రపు అలలు ఎదురుతగిలే చోట ఆగిపోయి, మొగకు అడ్డంగా నీటి అడుగున దిబ్బ కడుతుంది. లోపల నదిలో లోతు ఉంటుంది, బయట సముద్రంలోనూ లోతు ఉంటుంది. గుమ్మం దగ్గర మాత్రం లోతు ఉండదు. పాటు సమయంలో ఆ దిబ్బ మీద నడుము లోతు నీళ్లు కూడా ఉండవు. పైగా బయటికి పోయే నది నీరూ, లోపలికి వచ్చే అలా ఎదురెదురుగా ఢీకొని, కెరటం గోడలాగ నిలబడి విరుగుతుంది. పోటు నిండుగా ఉన్నప్పుడైతే దిబ్బ మీద నీరు పెరుగుతుంది, కెరటం మెత్తబడుతుంది. అదే దాటవలసిన సమయం.

"బలంతో కాదండి, నీటితో పోవాలి" అన్నాడాయన. కొంతసేపు ఊరకుండి తన అన్నగారి సంగతి చెప్పాడు.

2022 జులై నెల మనకు గుర్తే. కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు పొర్లాయి. మంచిర్యాల, మంథని నీట మునిగాయి. మన బాధ మనం పడ్డాము, నీళ్లు తీశాక ఇళ్లు కడుక్కొన్నాము. ఆ నీరు తరువాత ఎవరి గుమ్మం ముందు నిలిచిందో మనం ఆలోచించలేదు. ఆ వరద గౌతమి మొగలో ఇసుకనంతా కదిలించి, పాత దారిని పూడ్చి, వేరొక చోట కొత్త దారి తెరిచిందట. వరద తగ్గిన కొద్ది రోజులకు ఆయన అన్న వేటనుండి తిరిగి వస్తూ, చేపలు చెడిపోతాయన్న తొందరలో, పాటులోనే పాత దారిన మొగలోకి ప్రవేశించాడు. పడవ ఇసుకకు తగిలి అడ్డం తిరిగింది. వెంట ఉన్న ఇద్దరు ఈదుకొని వచ్చారు. ఆయన రాలేదు. "మా అన్నయ్యకి దారి తెలీక కాదండి. తెలిసిన దారే. దారే మారిపోయింది" అన్నాడు. మా పెద్దగారు కండువాతో కళ్లు తుడుచుకొన్నారు. ఆ గట్టు మీదనే మేము కలిసి ప్రార్థించాము.

తొమ్మిది దాటాక పోటు నిండింది. పడవ కదిలింది. ఇరువైపులా మడ అడవులు, వేళ్లు నీటిలో దిగి గట్టును పట్టుకొని ఉన్నాయి. మొగ దగ్గరకు రాగానే ఆయన ఇంజను తగ్గించాడు. ఆయన కుమారుడు ముందు నిలబడి వెదురు గడతో లోతు చూస్తూ కేక వేస్తుంటే, ఈయన నీటి రంగునూ, అల విరిగే చోటునూ చూస్తూ చుక్కాని తిప్పాడు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడవారు చీకటిలో లోతు చూస్తే మొదట ఇరవై బారలు, తరువాత పదిహేను బారలు వచ్చిన సంగతి నాకు అప్పుడు బోధపడింది. ఎన్నోసార్లు ఆ అధ్యాయము మీద ప్రసంగించాను గాని, లోతు తగ్గడమంటే ఎంత భయమో ఆ రోజే తెలిసింది. ఆ ఓడ కూడా చివరకు ఇసుకదిబ్బకే తగిలి బ్రద్దలయింది. అయినా అందులోని 276 మందిలో ఒక్క ప్రాణమూ పోలేదు.

మధ్యాహ్నం కోరంగి చూచాము. ఇప్పుడది తాళ్లరేవు మండలంలో ఒక పల్లె. ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టి, మరమ్మతు చేసి పంపిన ఓడరేవు. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను రంగూనులో 'కొరంగీలు' అనేవారు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఘోరమైన తుపానులు ఈ రేవును చావుదెబ్బ తీశాయి. అయితే తుపాను కొట్టిన ఊరు మళ్లీ లేవగలదు. కోరంగిని లేవనీయకుండా చేసినది చప్పుడు లేకుండా ఏటేటా చేరిన ఒండ్రు. నీటి దారి పూడుకుపోయాక ఓడలు కాకినాడకు మళ్లాయి.

కాకినాడకు గోదావరి ఇసుకే ఒక మేలు చేసింది. మొగనుండి ఉత్తరంగా కొట్టుకొని వచ్చిన ఇసుక దాదాపు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్‌గా ఏర్పడి, అలలకు అడ్డు నిలిచింది. దాని చాటున పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, సరుకును బార్జీలలో కాలువ దాకా తెచ్చేవారు. 1997లో లోతైన రేవు వచ్చిన తరువాత కూడా ఆ పద్ధతి పోలేదు. 2025 మార్చి 31న తెలంగాణ నుండి ఫిలిప్పీన్స్ దేశానికి 12,500 టన్నుల బియ్యంతో ఓడ బయలుదేరినది ఈ కాకినాడనుండే. మన పొలం గింజ అన్యదేశపు పళ్లెంలో చేరడానికి ఈ నీళ్లలో దారి తెలిసినవారు కావాలి.

మన దగ్గరినుండి పడవల్లోనే సరుకును ఈ తీరానికి చేర్చాలని ఒకప్పుడు గొప్ప ప్రయత్నం జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరగారి ఆశ అది. దుమ్ముగూడెం దగ్గర ఒకటి, మన ఇచ్చంపల్లి దగ్గర ఒకటి, ప్రాణహితలో ఒకటి, ఇలా మూడు రాతి అడ్డంకులు దాటించడానికి పనులు సాగాయి. 1871లో వాటిని నిలిపివేశారు. కాని ఆ పనుల అధికారియైన హేగ్ దొరగారు అడవిలోని కోయవారి కొరకు ప్రార్థించినందున 1860లో దుమ్ముగూడెంలో సువార్త పని మొదలయింది. పడవలు రాలేదు గాని, సువార్త వచ్చింది.

ప్రియ పాఠకులారా, తిరిగి వస్తూ రైలులో నేను ఒక్క సంగతే ఆలోచించాను. మొగ దగ్గర ఉన్నవాడు మనల్ని ఎన్నడూ చూడలేదు. కాని మనం చేసినదంతా వానికి చేరుతుంది. మన గుట్టల మీద చెట్టు కొడితే ఆ మట్టి వరదలో పోయి వాని దారిలో కూర్చుంటుంది. మనం పారవేసిన ప్లాస్టిక్ సంచులు వాని వలలో పడుతున్నవి. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతే అక్కడ తీరం కోసుకుపోతుంది. ఆనకట్టలు మన చేతిలో లేవు. పొలం గట్టు, ఇంటి చెత్త, గుట్ట మీది చెట్టు మన చేతిలోనే ఉన్నాయి. పొరుగువాడు ఎవడని ప్రభువును అడిగిన ధర్మశాస్త్రోపదేశకునివలె మనమూ అడిగితే, నది చివర ఉన్నవాడు నీ పొరుగువాడని నాకు జవాబు దొరికింది.

కుటుంబములోనూ ఇంతే. తల్లిదండ్రుల నోటి మాట, తాగుడు, అప్పు, కోపం ఆ రోజే పోయినట్టు కనిపిస్తాయి. అవి దిగువకు పోయి పిల్లల గుమ్మం దగ్గర దిబ్బ కడతాయి. వారు ఓడ నడపవలసిన రోజున లోతు ఉండదు. కోరంగి ఒక్క రోజులో పూడలేదు.

వచ్చే ఆదివారమే ఆ పిల్లవాణ్ణి పిలిచి కూర్చోబెట్టాను. నది కలిసే చోట ఎలా ఉంటుందో చెప్పాను. అక్కడ ఒక అన్న చనిపోయాడని, అతని తమ్ముడు ఇంకా అదే మొగలో పడవ నడుపుతున్నాడని చెప్పాను. వాడు కాసేపు ఊరకుండి, "అయితే మనం వాళ్లకోసం ప్రార్థన చేద్దామా అయ్యగారూ?" అన్నాడు. అప్పటినుండి మా సంఘములో వానాకాలం గోదావరి నిండినప్పుడెల్లా, మన ఊళ్ల కొరకే గాక, మొగ దగ్గర పోటు కోసం కనిపెట్టుకొని ఉన్నవారి కొరకు కూడా ప్రార్థన చేస్తున్నాము. మీ సంఘములోనూ చేయండి.