మేకు లేని చెప్పు

ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని ఐదో తరగతిలో మన హాస్టల్లో చేరాను. పదో తరగతి దాకా ఇక్కడే ఉన్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ తమ్ముళ్ళకు అంతకంటే అవసరమైన సంగతి ఒకటి చెప్పాలనిపించింది. అది మా పెదనాన్న కాలు గురించి.

పెదనాన్న మిలట్రీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు కాశ్మీరులోనే ఉన్నాడు. ఒంటిమీద చిన్న గీత కూడా పడకుండా తిరిగొచ్చాడు. అలాంటి మనిషి చెప్పులో మేకు గుచ్చుకుని ఎడమకాలు పోగొట్టుకున్నాడు.

ఆయనకు చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. అరికాళ్ళు మొద్దుబారాయి. మేకు దిగినా తెలియలేదు. గచ్చు మీద చీము మరకలు చూసి పెద్దమ్మే కనిపెట్టింది. అది సంక్రాంతి సెలవులు. నేను ఇంటి దగ్గరే ఉన్నాను. "నొప్పిగా ఉందా పెదనాన్నా?" అని అడిగాను. "నొప్పేం లేదురా, అదే తగ్గిపోద్ది" అన్నాడు. నొప్పి లేదు కదా అని నేనూ ఊరుకున్నాను. ఆ నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని డిగ్రీ చదువుతున్న నాకు తెలియదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి పాదం నల్లబడిపోయింది. మోకాలి కింద దాకా తీసేశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ చెప్పు బాగుచేసింది మా నాన్న. మా నాన్న చెప్పులు కుడతాడు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మీ నాన్న ఏం చేస్తాడని ఎవరు అడిగినా వ్యవసాయం అని అబద్ధం చెప్పాను. ఈ పేజీ చదివే నా పాత మిత్రులు క్షమించాలి. పెదనాన్న కాలు తీసేసిన రోజు నాన్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని "నా చేత్తో కొట్టిన మేకేరా" అన్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆరె, రంపె ముట్టుకోలేదు.

ఎం.ఎస్సీ.లో సెమినార్‌కు అంశం ఎంచుకోమన్నప్పుడు కృత్రిమ కాలు తీసుకున్నాను. సైనికుల కోసం జరిగిన పరిశోధనలతో మొదలుపెట్టాను. రెండో ప్రపంచయుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికుల కోసం అమెరికాలో 1945లో పెద్ద ఎత్తున పరిశోధన మొదలైంది. 1950లలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో శాక్ అనే పాదం తయారైంది. దాని మడమలో మెత్తటి రబ్బరు ఉంటుంది, చీలమండ మాత్రం కదలదు. బూటు వేసుకుని రోడ్డు మీద నడిచేవాళ్ళకు అది సరిపోతుంది. గొంతుకు కూర్చోవాలన్నా, వట్టికాళ్ళతో పొలంలోకి దిగాలన్నా పనికిరాదు.

ఆ లోటు తీర్చింది 1960ల చివర పుట్టిన జైపూర్ పాదం. దాన్ని చేసింది డాక్టర్ పి.కె. సేథీ, పెద్దగా చదువుకోని చేతిపనివాడు రామచంద్ర శర్మ. లారీ టైర్లకు వాడేలాంటి రబ్బరును అచ్చులో పోసి పాదం చేశారు. డాక్టర్ సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇక మన దగ్గర చూస్తే, హైదరాబాద్‌లోని డి.ఆర్.డి.ఎల్. క్షిపణి ప్రయోగశాల, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి 2025 జూలైలో కార్బన్ ఫైబర్ పాదాన్ని విడుదల చేశాయి. అది 125 కిలోల బరువు దాకా పరీక్షకు నిలిచింది. అడుగు వేసినప్పుడు విల్లులా వంగి, ఆ శక్తిని తిరిగి ఇచ్చి కాలిని ముందుకు తోయడం కార్బన్ పాదాల గుణం. దిగుమతి పాదం సుమారు రెండు లక్షలైతే, దీని తయారీ ఖర్చు 20 వేల లోపే ఉంటుందని చెప్పారు. నేను చదివే ఫిజిక్స్ ఇలాంటి పనికొస్తుందంటే నాకు చాలా సంతోషం వేసింది.

కానీ నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. అమెరికాలో ఈ రోజు మాజీ సైనికులు కాళ్ళు పోగొట్టుకోవడానికి ముఖ్య కారణం యుద్ధం కాదు. షుగరు, రక్తనాళాల జబ్బులు. అందుకని అక్కడి మాజీ సైనికుల శాఖ కొత్త కాళ్ళ మీద పరిశోధన చేస్తూనే, ఉన్న కాళ్ళను కాపాడటానికి ఒక కార్యక్రమం నడుపుతోంది. పాదాలు పరీక్షించి, ప్రమాదాన్ని బట్టి 0 నుంచి 3 దాకా అంకె వేస్తారు. పరీక్షకు కావలసింది ఒక నైలాన్ పోగు. అరికాలికి ఆనించి నొక్కితే 10 గ్రాముల ఒత్తిడికి అది వంగుతుంది. ఆ స్పర్శ తెలియకపోతే ఆ పాదానికి తనను తాను కాపాడుకునే శక్తి పోయినట్టే.

ఈ ఆలోచనకు మూలం మన పక్కనే, వేలూరులో ఉంది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో అక్కడికి వచ్చి కుష్ఠు రోగులకు వైద్యం చేశాడు. వాళ్ళ వేళ్ళు జబ్బు వల్ల వాటంతటవే రాలిపోవడం లేదని, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్ల పోతున్నాయని గ్రహించాడు. చెప్పులు చేసేవాళ్ళతో కలిసి పనిచేశాడు. మొద్దుబారిన పాదాల కోసం ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు వాడుకలోకి వచ్చాయి. ఆ చెప్పులకు మేకులు కొట్టరు. అతికిస్తారు, కుడతారు. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ నేర్చుకున్నదే తర్వాత షుగరు రోగుల పాదాలకూ పనికొచ్చింది.

సెలవుల్లో ఇంటికెళ్ళి ఇదంతా నాన్నకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మేకు కొట్టగూడదని మాకెవరు చెప్పారు నాన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ చదువు వేలూరు నుంచి అమెరికా దాకా వెళ్ళింది గానీ మా వీధికి రాలేదు.

పెదనాన్నకు ఇప్పుడు ఎడమవైపు కృత్రిమ కాలు ఉంది. పుణేలో సైనికుల కోసం 1944లో పెట్టిన కృత్రిమ అవయవ కేంద్రంలో వేయించుకొచ్చాడు. షుగరుతో ఒక కాలు పోయినవాళ్ళకు రెండో కాలికీ ప్రమాదం ఎక్కువే. అందుకని ఆసుపత్రిలో కుడిపాదం కొలతలు తీయించి, ఎం.సి.ఆర్. షీటు కొనుక్కొచ్చి నాన్నకిచ్చాను. నాన్న మళ్ళీ రంపె పట్టాడు. జారిపోకుండా వెనక పట్టీ పెట్టి, ఒక్క మేకూ లేకుండా చెప్పు కుట్టాడు. ఇచ్చే ముందు లోపల చెయ్యి పెట్టి అంతా తడిమి చూశాడు. పెదనాన్న అది తొడుక్కుని వాకిట్లో నాలుగడుగులు వేసి "బాగుందిరా తమ్ముడూ" అన్నాడు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

తమ్ముళ్ళారా! మనలో చాలామంది ఇళ్ళలో షుగరు ఉన్నవాళ్ళు ఉంటారు. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు వాళ్ళ పాదాలు మీ చేతుల్లోకి తీసుకుని చూడండి. అరికాలు, మడమ, వేళ్ళ సందులు చూడండి. చెప్పులు దులిపి, చెయ్యిపెట్టి చూశాకే తొడుక్కోమనండి. ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగవద్దనండి. మొద్దుబారిన కాళ్ళను వేడినీళ్ళలో పెట్టనివ్వకండి. ఆనెలు బ్లేడుతో కోయనివ్వకండి. బీడీ మానిపించండి. నొప్పిలేని పుండు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నేను చేసినట్టు "నొప్పి లేదు కదా" అని ఊరుకోకండి.

కొత్త కాలు తయారుచేసే పనిలో ఏదో ఒక రోజు నేనూ ఉండాలని ఆశ. అంతవరకు ఉన్న కాళ్ళు నిలబెట్టుకుందాం. ఇప్పుడు మీ నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే నిజమే చెబుతున్నాను. మా నాన్న చెప్పులు కుడతాడు.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్) రెండో సంవత్సరం